పక్కింటి కోడి మన తోటకూర తింటే దోషం ఎవరిది?

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వైపు కంపెనీల్లో పనిచేస్తూ, ఇంటి వెనక పది గజాల జాగాలో తోటకూర, టమాటా వేసుకునేవాళ్లకి ఓ బాధ ఉంటుంది. మొలకలు రాగానే పక్కింటి కోళ్లు వచ్చి మడంతా కెలికేస్తాయి. రాయి విసిరితే పాపమా? విసరకపోతే కూర ఎలా?

ముందు ఒకటి చూడండి. కోడిని దొంగ అనలేం. ఇది నాది కాదు అని తెలిసి తీసుకుంటేనే దొంగతనం. మట్టి గీకి పురుగులు ఏరుకోవడం దాని స్వభావం. మెత్తగా తవ్వి, ఎరువు వేసి, తడిపి పెట్టిన మడి దానికి విందు భోజనమే. వడ్డించింది మనమే!

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని మన శాస్త్రాలు చెప్పలేదు. మనుస్మృతి గృహస్థు ఇంట్లో ఐదు హింసా స్థానాలు చెప్పింది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ల కుండ. రోజూ వాడే వస్తువులే. ఇల్లు నడిస్తే ఏదో ఒక ప్రాణి పోతూనే ఉంటుందని అంత నిజాయితీగా ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. దానికి పరిహారంగా పంచ మహాయజ్ఞాలు చెప్పారు. అందులో భూతయజ్ఞం అంటే పక్షులకీ, కుక్కలకీ, పురుగులకీ మన అన్నంలో భాగం పెట్టడం.

మహాభారతం వనపర్వంలో కౌశికుడి మీద ఒక కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా చూడగానే అది చచ్చి పడిపోయింది. అదే కౌశికుడికి తర్వాత ధర్మవ్యాధుడు, నాగలి దున్నినా మట్టిలో ఎన్నో ప్రాణాలు పోతాయని చెప్పాడు. రెండింట్లోనూ ప్రాణం పోయింది. కానీ రైతుది తిండి కోసం పడే కష్టం, కౌశికుడిది ఒట్టి కసి. రాయి ఎత్తినప్పుడు మన చేతిలో ఏది ఉందో మనకే తెలుస్తుంది.

అందుకే దడి కట్టడం తప్పు కాదు, చప్పట్లు కొట్టి తరమడం తప్పు కాదు. గింజల్లో పురుగుమందు గుళికలు కలిపి చల్లడం మాత్రం ఘోరం. అవి కోడితో ఆగవు, మైనాలు తింటాయి, వీధికుక్కలు తింటాయి. కంచెకి కరెంటు పెడితే మనుషులే పోతారు. ఎలుకల జిగురు అట్ట ఇంకా కష్టమైన ప్రశ్న. అతుక్కున్న ఎలుక గంటల తరబడి కొట్టుకుని చస్తుంది. నేనైతే వాడను.

కోతుల సంగతి వేరే. హనుమంతుడని రోడ్డు పక్కన అరటిపండ్లు పెట్టి వస్తాం. అలవాటు పడ్డ కోతులు ఇళ్ల మీద పడతాయి. పుణ్యం మనకి, పోయేది ఎవరిదో టమాటా. దీన్ని భూతయజ్ఞం అనడానికి నాకు మనసొప్పదు.

ఇక కోళ్లకి ఉపాయం. నాలుగడుగుల దడి నాటుకోడికి లెక్క కాదు, ఎగిరి దాటుతుంది. మడి మీదే వల కప్పండి, లేదా గింజ వేసిన చోట తుమ్మ కంప పరవండి. నారు మీద పాత గంప బోర్లించినా చాలు. మొక్క కాస్త ఎదిగాక కోడి వల్ల నష్టం తగ్గుతుంది, పైగా పురుగుల్ని ఏరేస్తుంది.

పక్కింటివాళ్లతో గొడవ పడకండి. కిరాయి గదిలో బతికే కుటుంబానికి ఆ నాలుగు కోళ్లే గుడ్లు, అవసరానికి నాలుగు డబ్బులు. "అక్కా, మొలకలు లేచేదాకా పదిహేను రోజులు గంప కింద కమ్మవా?" అని అడగండి. కూర కోసిన రోజు వాళ్లకో కట్ట ఇవ్వండి. ముదురాకులు దడి బయట వేస్తే కోళ్లు అక్కడే తింటాయి.

ధర్మవ్యాధుడి కథ పూర్తిగా వచ్చే వీడియోలో చెప్పుకుందాం.