అర నిమిషం

పొద్దున్నే వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసే ఆడదానికి గల్లీ ఎవరిదన్న అనుమానం ఎప్పుడైనా వచ్చిందా? ముగ్గు గడప దగ్గర ఆగదు కదా, చుక్కలు పెరిగినకొద్దీ గల్లీలోకి జరుగుతుంది. మా హుస్నాబాద్‌లో ఇప్పుడు ఆ ముగ్గుల మీదినుంచే మోటారుసైకిళ్ళు దూసుకుపోతున్నాయి. మా పక్కింటి అవ్వ అంటుంది - "ముగ్గు తొక్కితే తొక్కిండ్రు గని బిడ్డా, నన్ను తొక్కకుంటే సాలు!"

ఆ కుర్రాళ్ళను తిట్టడంలో నేనెవరికీ తీసిపోను. కానీ, చెప్పొద్దూ, మొన్నొకరోజు నా నోరు పడిపోయింది.

ఓ పెళ్ళికి బయలుదేరేసరికి ఆలస్యమైంది. "ముహూర్తం దాటిపోతుంది, జల్ది పోనీ తమ్మీ!" అని ఆటో అబ్బాయిని ఒకటే తొందరపెట్టాను. గల్లీ మలుపు తిరిగామో లేదో, బంతి వెనకాల అయిదేళ్ళ పోరడు పరుగెత్తుకొచ్చాడు. బ్రేకు కీచుమంది. ఆటో వాడికి మూరెడు దూరంలో ఆగింది. లోపల్నుంచి తల్లి ఉరికొచ్చి, పిల్లవాణ్ణి ఒళ్ళంతా తడిమి చూసుకుని, వీపు మీద రెండు వేసింది. ఆటో అబ్బాయి నావైపు తిరిగి, "మీరే గదమ్మా, జల్ది పొమ్మంటిరి" అన్నాడు.

ఆ రెండు దెబ్బలూ నిజానికి ఎవరికి పడాలి? దారినంతా ఇదే ఆలోచన. ఆడుకోవడం అయిదేళ్ళ వాడి పని. తొందర నాది. నా తొందరకు వాడు దెబ్బలు తిన్నాడు. తీరా వెళ్తే అక్కడ పంతులుగారు ఇంకా గౌరీపూజే చేయిస్తున్నారు!

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఆ గల్లీ అర కిలోమీటరు ఉంటుందనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అర నిమిషం, 30తో అయితే నిమిషం. అంటే మిగిలేది అర నిమిషం. అంతలో పొంగబోయే పాలు దింపుకోవచ్చు, అంతకంటే ఏం చేస్తాం? అదే బ్రేకు లెక్క చూడండి. వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక బండి ఆగడానికి నాలుగు రెట్లు దూరం కావాలి. కాలు బ్రేకు మీదికి పోయే ఆ ఒక్క సెకనులోనే 60 మీద ఉన్న బండి పదహారు మీటర్లు దాటేస్తుంది. "బ్రేకు నా చేతిలో ఉంది" అనేవాళ్ళు ఈ పదహారు మీటర్లు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పాలి.

1896 ఆగస్టులో లండన్‌లో బ్రిజెట్ డ్రిస్కోల్ అనే 44 ఏళ్ళ ఇల్లాలు కూతురితో కలిసి నడిచిపోతూ కారు గుద్ది చనిపోయింది. విచారణలో దాన్ని ప్రమాదం అని తేల్చారు. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని విచారణాధికారి ఆశపడ్డాడు కూడా. పాపం, ఆయన ఆశ! ప్రమాదం అనేది ఎంత సుఖమైన మాటో చూడండి. ఆ మాట అనేస్తే తొందరపడ్డవాళ్ళం అందరం తప్పుకోవచ్చు.

అదే బ్రిటన్‌లో, వేల్స్‌లో 2023 సెప్టెంబరులో ఇళ్ళున్న వీధుల్లో వేగాన్ని గంటకు 20 మైళ్ళకు, అంటే మన 32 కిలోమీటర్లకు తగ్గించారు. వద్దు మొర్రో అని నాలుగు లక్షలమందికి పైగా సంతకాలు చేశారు. అయినా మొదటి ఏడాదిలోనే ఆ రోడ్ల మీద దెబ్బలు తగిలినవాళ్ళ సంఖ్య తగ్గింది. మన దగ్గరా 1988 మోటారు వాహనాల చట్టంలో 112వ సెక్షన్ ఉంది. జనం క్షేమం కోసం ఫలానా చోట వేగం తగ్గించాలని ప్రభుత్వం ప్రకటించి, బోర్డులు పెట్టించవచ్చు.

సిద్దిపేట, కరీంనగర్ బస్సులు పోయే పెద్దరోడ్డు సంగతి వేరు. ప్రాణం మీదికొచ్చి ఆసుపత్రికి పోయే బండి సంగతీ వేరు. "మరి నాలుగు ట్రిప్పులు కొడితేగాని పొయ్యి వెలగని ఆటో అబ్బాయి మాటేమిటి?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ వేళ తొందర అతనిది కాదే, నాది! వెనక కూర్చున్నవాళ్ళు ఊరుకోకపోతే, బోర్డు మీద ఎంత అంకె రాసినా లాభమేముంది?

సద్దుల బతుకమ్మ సాయంత్రం గుర్తు చేసుకోండి. ఆడవాళ్ళం బతుకమ్మల చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే బండ్లు మలుపులోనే ఆగిపోతాయి. హారను కూడా కొట్టరు. దానికి ఏ చట్టమూ లేదు. అక్కడ మనుషులున్నారని బండి మీదివాడికి తెలుసు, అంతే. మర్నాడూ ఆ గల్లీలో ఉండేది ఆ మనుషులే కదా!

ఇప్పుడు ఆటో ఎక్కగానే "మెల్లగనే పోనీ తమ్మీ" అంటున్నాను. మొన్నటి అబ్బాయే మళ్ళీ తగిలాడు. అద్దంలోంచి నన్నోసారి ఎగాదిగా చూసి, "ఇయ్యాల పెండ్లి లేదామ్మా?" అన్నాడు.