ఆ సంచిలో ఏముందో

2020 మార్చి చివరి రోజులు గుర్తున్నాయా? లాక్‌డౌన్. కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాలు. ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషి. చేతిలో సంచి, ముఖానికి మాస్కు.

నా ముందు ఒక పెద్దాయన. నిన్నా వచ్చాడు, మొన్నా వచ్చాడు. రోజూ ఏం పని ఈయనకి, అనుకున్నాను. నేనూ బయటే ఉన్నాను మరి! కానీ నాది అవసరం, ఆయనది షికారు. మనసులోనే తీర్పు చెప్పేశాను. ఆ సంచిలో ఏముందో చూడకుండానే.

ఆయన వంతు వచ్చింది. అరకిలో బియ్యం. కాసింత పప్పు. చిన్న నూనె ప్యాకెట్. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఏ రోజుకారోజు కొనుక్కునే ఇల్లు అది. నెల సరుకులు ఒక్కసారే తెచ్చుకోవాలంటే చేతిలో నెల జీతం ఉండాలి. నాకుంది. ఆయనకు లేదు.

ఆ రోజుల్లో గుంపుగా చేరి కబుర్లాడినవాళ్లూ ఉన్నారు. అది తప్పే. కానీ ఈయన తప్పేముంది? నాకు చాలా సిగ్గనిపించింది.

ఈ ఉదయం మీరూ కొట్టుకు వెళ్తారేమో. ముందున్న మనిషి చిల్లర లెక్కపెట్టుకుంటూ ఆలస్యం చేస్తే, విసుక్కోకండి. కాస్త ఆగండి.