ఉత్తరాల పేజీ

మే 31 – మరియమ్మ ఎలిశబేతమ్మను చూడబోయిన పండుగ
చదువుకోవలసిన భాగం: లూకా 1:39–56

కనకమామిడిలో మా పెద్దమ్మకు చదువు రాదు. అయినా నెల తిరిగేసరికి ‘పత్రిక ఇంకా రాలేదేంది’ అని ముందుగా అడిగేది ఆమే.

మే నెలంతా సాయంత్రంపూట ఆమె ఒళ్లో మల్లెమొగ్గలుంటాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయినవి పోగా మిగిలిన మొగ్గలు. మరియమ్మ నెల కదా, ఇంట్లో స్వరూపానికి రోజుకో మాల. ఆమె మాల కడుతుంటే ఇంటర్ చదివే మనవరాలు పక్కన కూర్చుని పత్రిక చదివి వినిపిస్తుంది. మొన్న నేనూ అక్కడే ఉన్నాను.

మొదట పెద్ద సందేశం వచ్చింది. “రేపు సదువుదాం తియ్.” తర్వాత ఎక్కడిదో గుడి రజతోత్సవం, శాలువాలు, దండలు, నాలుగు పేజీల ఫొటోలు. వాటిని పిల్లే తిప్పేసింది. ఆ వెనక ఓవెన్‌లో కేక్ చేసే విధానం. “సిలిండర్ దొరికేటందుకే తిప్పలైతున్నది, కేకంట!” అని పెద్దమ్మ నవ్వి, “గవన్నీ గాదు బిడ్డా, ఉత్తరాల పేజీ తియ్” అంది.

ఆ పేజీలో ఒకామె ఉత్తరం. భర్త తాగొచ్చి కొడతాడట. ముఖమ్మీద దెబ్బలు కనిపిస్తాయని మూడు నెలలుగా పూజకు పోవడం మానేసిందట. సత్ప్రసాదం లేక ఆకలిగా ఉంది, నాకోసం ప్రార్థించండి అని రాసింది. అంతే, ఆరు వరుసలు.

పెద్దమ్మ చేతిలో నార ఆగిపోయింది.

“పేరు రాసిందా?”

“లేదు నానమ్మా.”

“ఊరు?”

“అదీ లేదు.”

“మల్లొకసారి సదువు.”

ఆడవాళ్లు కుటుంబ పత్రికలో ఏం వెతుక్కుంటారని ఎవరైనా అడిగితే నాకు ఆ ‘మల్లొకసారి’ గుర్తొస్తుంది. పిల్లల పెంపకం మీద వ్యాసాలు వద్దని కాదు, వంటలూ వద్దని కాదు. కానీ వాటిని ఒకసారి చదివి పక్కన పెడతాం. మళ్లీ చదివించుకునేది మరో ఆడమనిషి తన గోడు తన నోటితో చెప్పుకున్న మాటే. ‘నా ఇంట్లోనే ఇట్లా ఉందనుకున్నాను, ఇంకో ఇంట్లోనూ ఉందా’ అని తెలియడం కోసం.

నజరేతులో చిన్నపిల్ల మరియమ్మకు కూడా కావలసింది అదేనేమో. దూత వచ్చి వెళ్లిపోయాడు. జరిగింది ఎవరికి చెప్పుకోవాలి? చెబితే నమ్మేదెవరు? కొండసీమకు త్వరత్వరగా బయల్దేరిందంటాడు లూకా. అక్కడున్నది తనలాగే ఊరి నోట పడ్డ మనిషి: ఇంత వయసులో కడుపేమిటని ఎలిశబేతమ్మను అనుకోకుండా ఉంటారా? ఒకరు ఇంకా కాపురానికే పోలేదు, ఒకరికి ఈడు దాటిపోయింది. ఇద్దరూ సుమారు మూడు నెలలు ఒకే ఇంట్లో గడిపారు.

ఇంకో సంగతి. ఆ ఇంటి యాజకుడు జెకర్యా అప్పటికి మూగవాడై ఉన్నాడు. ఆ ఇంట్లో అప్పుడు ఆడవాళ్లిద్దరే గొంతెత్తి మాట్లాడుకున్నారు. ఫాదర్లు ఏమీ అనుకోకపోతే, పత్రికలు నడిపేవాళ్లు ఈ చిన్న వివరాన్ని కాసేపు ధ్యానించవచ్చు.

1995లో పునీత రెండవ జాన్ పౌల్ స్త్రీలకు ఒక లేఖ రాశారు. అందులో హితవు చెప్పడం కంటే ముందే, తల్లికీ, భార్యకూ, కూతురికీ, చెల్లికీ, పనికి పోయే ఆడమనిషికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పారు. మా పెద్దమ్మకు అది చదివి వినిపిస్తే పేజీ తిప్పమనదని నా నమ్మకం.

అచ్చయిన నాలుగు కాగితాలు ఎంత దూరం పోతాయో గుంటూరు వాళ్లకు తెలుసు. 1915లో మెల్బోర్న్‌లో మేరీ గ్లోరీ అనే యువ డాక్టరు ఒక చిన్న పుస్తకం చదివింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించిన పుస్తకమది. ఇండియాలో పరదా చాటు స్త్రీలు మగ డాక్టర్ల దగ్గరకు రారు, తల్లులూ పసిబిడ్డలూ వైద్యం లేక చనిపోతున్నారు అని అందులో ఉంది. నడుస్తున్న మంచి ప్రాక్టీసు వదిలి, 1920లో ఆమె గుంటూరు వచ్చి జె.ఎం.జె. సిస్టర్ల మఠంలో చేరింది. మఠకన్యలు వైద్యం చెయ్యడానికి అప్పటి సభ నియమాలు ఒప్పుకునేవి కావు. పదిహేనవ బెనెడిక్ట్ జగద్గురువుల దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని, మంత్రసాని పని నేర్పింది. 1943లో ఆమె మొదలుపెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘానికి ఇవాళ సికింద్రాబాదులోనే కార్యాలయముంది. ఆమె చదివింది ముఖం తెలియని తల్లుల కథ. వాళ్ల పేర్లూ ఊళ్లూ ఆమెకూ తెలియవు.

మా ఇంటి సంగతికొస్తే, ఆ రాత్రి జపమాల సంతోష దేవరహస్యాల్లో రెండోదాని దగ్గరకు వచ్చేసరికి పెద్దమ్మ ఆగింది. “గా ఉత్తరం రాసిన బిడ్డ కోసం” అంది. పది మంగళవార్త జపాలు ఆమె కోసం చెప్పాం. పేరు లేకుండా ఎట్లా అని మనవరాలు అడిగితే, “దేవునికి ఎరుకలే” అంది.

తెల్లారి పూలమూటలు ఆటోకెక్కుతున్నాయి. పెద్దమ్మ పిల్లను పిలిచి, పత్రికోళ్లకు ఒక కార్డు రాయమంది.

“ఏం రాయాలె?”

“కనకమామిడి కెల్లి అని రాయి. ఆమె కోసం జపం చెప్తున్నమని రాయి. పూజకు రమ్మను, దెబ్బలుంటే ఉండనీ, మా పక్కన కూసోమను.”

ప్రార్థన: ప్రభూ, పేరు రాయని ఆ చెల్లెలి గడప ఈ రోజు ఎవరైనా తొక్కేలా చెయ్యి. ఆమేన్.