గ్రంథము చాలునా, పీఠము కావలెనా?

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు చెంతనున్న జహీరాబాదు పట్టణమందు తెలుగు, ఉర్దూ, కన్నడము ఒక్క అంగడియందే వినవచ్చును. ఆ ప్రాంతమున క్రైస్తవమును బోధించినవారిలో ముఖ్యులు అమెరికను మెథడిస్టులు. పూర్వము దానితో ఒకే జిల్లాగా నుండిన మెదకులో ఇంగ్లండునుండి వచ్చిన వెస్లియను మెథడిస్టులు పనిచేసిరి. పాస్నెట్టు దొర కట్టించిన అచ్చటి మహాదేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠితమయ్యెను. ఉభయులును జాన్ వెస్లీ శిష్యులే. ఉభయులకును గ్రంథమొక్కటే పరమ ప్రమాణము. అయినను 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు మెదకువారందు చేరిరి, జహీరాబాదువారు చేరలేదు. ఈ యెడబాటునకు అమెరికాలోని మాతృసంఘముతోడి సంబంధము మొదలగు ఇతర హేతువులును గలవు. కాని ఒక్క పుస్తకమునే చేతబట్టినవారు ఒక్క జిల్లాలో రెండు త్రోవలు త్రొక్కుట చూచి రోమను కతోలికుడు చిరునవ్వు నవ్వినచో అతనిని తప్పుపట్టగలమా?

కతోలికుల వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. గ్రంథమునకు నోరు లేదు. చదివి యర్థము చెప్పువాడొకడు కావలయును. ఇద్దరు రెండు విధముల చెప్పినయెడల తీర్పరి కావలయును. మీదుమిక్కిలి గ్రంథములో చేరినవేవి, చేరనివేవి యను పట్టికయే ఆ గ్రంథములో లేదు. ప్రొటెస్టంటుల బైబిలులో 66 పుస్తకములు, కతోలికుల బైబిలులో 73. ఈ యేడింటి తగవును ఏ వచనము తీర్చగలదు? 1546లో ట్రెంటు మహాసభ ఆ పట్టికను స్థిరపరచి, వ్రాతలోనున్న ఉపదేశమును, వ్రాయబడక అపొస్తలులనుండి పరంపరగా వచ్చినదానిని సమానభక్తితో గైకొనవలెననియు, శ్రీసభ గ్రహించిన యర్థమునకు విరుద్ధముగా ఎవడును స్వబుద్ధితో అర్థము చెప్పరాదనియు విధించెను.

తెలుగునాట చరిత్ర కొంతవరకీ వాదమునకు సాక్ష్యము పలుకుచున్నది. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి జెసూటు గురువులు పుంగనూరు, కృష్ణాపురము మొదలగుచోట్ల సంఘములు నెలకొల్పిరి. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనము ఆ శతాబ్దముననే వెలసెను. తెలుగున సువార్తలు అచ్చుపడినదో 1812లో. అనగా పూజయు, ప్రార్థనయు, గురువు నోటిమాటయు ఆధారముగా తెలుగు కతోలికులు మూడు నాలుగు తరములు బ్రదికిరి. ఇందుకు భిన్నముగా 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనువారు పూర్వాశ్రమమున బ్రాహ్మణుడైన ఆనందరాయరు సాయముతో అనువాదమునకే పూనుకొనిరి. ఒకరికి సంఘము ముందు, గ్రంథము వెనుక. రెండవవారికి గ్రంథమే ముందు. మన తెలుగు కతోలికులు పోపును జగద్గురువని పిలుచుట చదువరు లెరిగినదే. శంకరపీఠమున కిచ్చిన బిరుదమునే రోమాపీఠమునకును ఇచ్చిరి!

ప్రొటెస్టంటుల యిబ్బంది గుండ్లకమ్మ యొడ్డున బయలుపడినది. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే అచ్చట 2,222 మందికి క్లౌ దొరగారి ఒంగోలు బాప్తిస్టు మిషనువారు నీటముంచి బాప్తిస్మమిచ్చిరి. పసిబిడ్డల బాప్తిస్మము గ్రంథములో లేదని వారి మతము. 1842 నుండి గుంటూరున నెలకొన్న లూథరను మిషనువారు ఆ గ్రంథమునే ప్రమాణముగా నుంచుకొని పసిబిడ్డలకు బాప్తిస్మ మిచ్చుచుండిరి. రెండు జిల్లాలకు రెండు గ్రంథములు లేవు గదా!

అట్లైన గ్రంథము చాలునను మాట వట్టిదేనా? కాదని మా యభిప్రాయము. వెస్లీ తన శిష్యులకొరకు 1784లో ఆంగ్లసంఘపు నియమములను సంగ్రహించి పంపెను. మెథడిస్టుల యైదవ నియమము ఏమనుచున్నది? రక్షణకు కావలసినదంతయు గ్రంథమున కలదనియు, అందు చదువబడనిదానిని, దానిచే నిరూపింపబడనిదానిని విశ్వసింపుమని యెవనిని నిర్బంధింపరాదనియు దాని భావము. ఇందలి ప్రాణము రెండవ భాగమున నున్నది. అది జ్ఞానమునకు గీసిన గీటు కాదు, అధికారమునకు గీసిన గీటు. గ్రంథమున నెల్ల సందేహములకు సమాధానము దొరకునని అది పలుకలేదు. చూపలేనిదానిని మనుష్యుని మెడకు కట్టరాదని పలికెను. బాప్తిస్టును లూథరనును బిడ్డల బాప్తిస్మమునుగూర్చి తగవులాడినను, ఇద్దరును పుట తెరచి వాదింపవలసినదే. తీర్పరి లేకపోవుట లోపమే. ఆ తీర్పరిపై మరల మొరపెట్టుకొన చోటులేకపోవుట అంతకన్న పెద్ద లోపము.

ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించునాటికి, వంగదేశమున విద్యాసాగరులు పరాశరస్మృతి వచనము చూపి యీ వాదమును నడపియుండిరి. ఎదుటివారు శిష్టాచారమును, పీఠములను అడ్డము పెట్టిరి. వివాహమున కూడినవారిని వెలివేసిరి. వచనము చూపినవారిని వచనముతో గెలువక వెలితో గెలువజూచుట ఏ మతమునందైన ఒకటే.

అయినను ప్రొటెస్టంటు మిత్రులతో ఒక మాట చెప్పక తీరదు. మెదకు పల్లెలలో వారి మతమును స్వీకరించినవారు మిక్కిలిగా మాలమాదిగలు. తరతరములుగా బడిగడప త్రొక్కనీయబడనివారు. అక్షరము రానివానికి గ్రంథము చాలునని చెప్పుటయు, చదివి వినిపించు ఉపదేశి చాలునని చెప్పుటయు ఒక్కటే కదా! అట్టిచోట పల్లెకొక పోపు పుట్టును. కావున మిషనుబడులు ఆ సిద్ధాంతమునకు తోక కావు, అవియే దాని వెన్నెముక. బడి మూతపడినచోట ఆ నియమము కాగితమున మిగులును. 1947లో మెదకువారు పరంపరాగతమైన బిషపుపదవి నంగీకరించియు, ఆ పదవికి ఏ యొక్క వ్యాఖ్యానమును నిర్బంధముగా గైకొనకపోవుట మాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. పెద్దను పెట్టుకొనిరి; ఆ పెద్దను అడుగు హక్కు విడువలేదు.

కతోలికులును నిలిచినచోటనే నిలువలేదు. బోధనాధికారము దైవవాక్యమునకు పైది కాదు, దానికి సేవచేయునదని 1965 నవంబరు 18వ తేదీన రెండవ వాటికను మహాసభ ప్రకటించెను. సంతోషమే. కాని సేవ తప్పినదని చెప్పుట కెవరికి హక్కు కలదు? బడిలో నాలుగక్షరములు నేర్చిన పల్లెటి స్త్రీ యొకతె లేచి, “అయ్యా, ఆ మాట ఎచ్చటనున్నది?” అని యడిగినచో, ఉపదేశి పుట తెరచి చూపవలెను, చూపలేకున్న ఊరకుండవలెను. పీఠము నెదుట ఆమె అట్లు అడుగదగిన ప్రశ్న యేదియో కతోలిక మిత్రులు మాకు తెలుపవలసియున్నది.