తరువాతి సంఖ్య

1, 2, 4, 8, 16. తరువాతి సంఖ్య ఏమిటి? ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే మన యువకులను అడగండి. తడుముకోకుండా 32 అంటారు. మార్కు కూడా దానికే పడుతుంది.

ఇప్పుడు కాగితంపై ఒక వృత్తం గీయండి. దాని అంచున చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగిలిన చుక్కలన్నింటితో సరళరేఖలతో కలపండి. మూడు రేఖలు ఒకేచోట ఖండించుకోకుండా చూడండి. ఒక్క చుక్క ఉంటే వృత్తమంతా ఒకే భాగం. రెండు చుక్కలకు 2 భాగాలు, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరవ చుక్క పెట్టి లెక్కించండి. వచ్చేది 31 మాత్రమే!

అయితే 32 తప్పా? కాదు. రెట్టింపు చేయడమే నియమమైతే అదే సరి. కాని ఆ నియమం అయిదు సంఖ్యలలో వ్రాసి లేదు, మనం ఊహించుకొన్నది. ఇంతవరకు జరిగిన తీరు ఇకముందు జరగబోయేదానికి రుజువు కాదని 18వ శతాబ్దపు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాదించాడు.

పాతబస్తీకి ఈ పాఠం మూసీ నేర్పింది. ఎన్నో వానకాలాలు చూసిన ఒడ్డునే 1908 సెప్టెంబరు 28న వరద వేలాదిమందిని బలిగొన్నది. అటుపిమ్మట నగరం పాత అనుభవాన్ని నమ్మి ఊరుకోలేదు. విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి.

అలాగని ఊహించడం మానలేము. ఊహ లేనిదే రేపటికి బియ్యమైనా కొనిపెట్టుకోలేము. కాని ఊహను ఊహగానే ఉంచి, దిద్దుకొనేందుకు చోటు వదలాలి.

మనుషుల విషయంలో ఇది మరీ అవసరం. నదికి స్వేచ్ఛ లేదు, మనిషికి ఉంది. పాతబస్తీ చిరునామా చూడగానే దరఖాస్తును పక్కన పడవేసే యజమాని, రెండుసార్లు తాగివచ్చిన కొడుకును "వీడింతే" అని తేల్చివేసే తండ్రి, ఇద్దరూ చేసేది ఒకటే. కొన్ని అంకెలు చూసి ఒక జీవితానికి జవాబు వ్రాసేస్తున్నారు.

"మోసపోయినవాడు జాగ్రత్తపడకూడదా?" అని మీరు అడగవచ్చు. తప్పక పడాలి. బాకీ ఎగవేసినవానికి మళ్ళీ అప్పు ఇవ్వకపోవడం జాగ్రత్త. వాడు ఎన్నటికీ నిజాయితీపరుడు కాలేడని వీధివీధినా చాటడం తీర్పు. మొదటిది మన సొమ్మును కాపాడుతుంది. రెండవది వాని రేపటిని దోచుకుంటుంది.

కాబట్టి ఎవరినైనా "ఇక వాడింతే" అనబోయేముందు ఒక్క క్షణం ఆగుదాం. ఆరవ చుక్క పెట్టి చూశామా అని మనలను మనమే ప్రశ్నించుకొందాం.