ముందు బండి ఆపు నాన్నా

నీ కోపం నాకు అర్థమవుతోంది నాన్నా. వాయిదాలు ఇంకా తీరలేదు, వారంటీ మాత్రం తీరిపోయింది. తీరిన మూడో వారానికే స్కూటర్ ముందు ఫోర్కు పగులిచ్చింది. సర్వీసు సెంటరుకు పరిగెత్తితే కౌంటర్ దగ్గరి అబ్బాయి కంప్యూటర్‌లో తేదీ చూసి, "వారంటీ అయిపోయింది సార్, పార్టుకీ లేబర్‌కీ మీరే పెట్టుకోవాలి" అన్నాడు. ఒళ్లు మండదూ మరి? మండుతుంది. కానీ ఆ మంటలో నువ్వు చేసే పనులంటేనే నాకు భయం. ఆ బండినే ఇంకో నాలుగు రోజులు తిప్పుతావు. లేదా కొత్త పార్టు వేయించేసుకుని, పగిలిన ముక్క అక్కడే పారేసి వస్తావు. ఈ రెండూ చేయకు. ముందు బండి ఆపు. తర్వాత ముక్క దాచు. ఆ తర్వాతే కాగితాలు, కంపెనీ, కేసు.

హారన్ మోగకపోతే, సీటు లాక్ పడకపోతే ఆదివారం దాకా ఆగొచ్చు. బ్రేకు, హ్యాండిల్, ఫోర్కు, చక్రం, పెట్రోలు కారడం, వీటికి మాత్రం రేపన్న మాట లేదు. "ఒక్క ఆఫీసుకే కదా, నెమ్మదిగా పోతాను" అంటావు. పగులిచ్చిన లోహం నీ నెమ్మది చూసి ఆగదమ్మా. గుంతలో పడ్డప్పుడల్లా, బ్రేకు నొక్కినప్పుడల్లా ఆ పగులు ఇంకొంచెం లోపలికి పోతుంది. చివరికి మిగిలిన సన్నపాటి భాగం ఒక్కసారిగా తెగుతుంది. అది తెగే చోటు నీ ఇంటి ముందు కాకుండా ఫ్లైఓవర్ మీద అయితే? వెనక సీట్లో మీ అమ్మ ఉంటే? ముందర నీ కూతురు నిలబడి ఉంటే? అందుకే ట్రాలీ ఆటో మాట్లాడుకో. దానికయ్యే డబ్బు దండగ అనుకోకు, రసీదు మాత్రం దాచు. నాలుగు రోజులు బస్సులో వెళ్లు. ఇంట్లో వాళ్లకి కూడా చెప్పు. నువ్వు చెప్పకపోతే తమ్ముడు తాళం తీసుకుని పాల ప్యాకెట్‌కి వెళ్లిపోతాడు.

ఇంకో తొందర ఉంది, వెల్డింగ్. సందు చివర షాపులో ఓ అతుకు వేయించేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. గేటుకి వేయించుకో, మంచానికి వేయించుకో. మనిషి బరువు మోస్తూ పరుగెత్తే ఫోర్కుకీ, స్టీరింగ్ రాడ్డుకీ వద్దు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం బలం తగ్గుతుంది. పైన పెయింట్ వేస్తే కొత్తదానిలాగే కనిపిస్తుంది, మళ్లీ అక్కడే తెగుతుంది. పైగా అతుకు పడ్డాక అసలు లోపమేమిటో ఎవరూ తేల్చలేరు. సాక్ష్యాన్ని నువ్వే కాల్చేసుకున్నట్టు.

సాక్ష్యం అన్నాను కదా, ఆ ముక్క సంగతి విను. అది పూర్తిగా విరిగిపోయి ఉంటే, విరిగిన అంచుని వెలుతురులో తిప్పి చూడు. కొంత మేర నల్లగానో తుప్పు రంగులోనో ఉంటే ఆ పగులు ఎప్పటినుంచో మెల్లగా పాకుతోందన్నమాట. మిగతాది గరుకుగా మెరుస్తుంటే అది చివర్లో ఒక్కసారిగా తెగిన భాగం. అనుభవమున్న మెకానిక్‌కి, ఇంజినీర్‌కి ఆ అంచు చాలా సంగతులు చెబుతుంది. కాబట్టి కిరోసిన్ పెట్టి తుడవకు, గీకకు, రెండు ముక్కల్నీ అతికించి చూడకు. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తియ్యి. మీటర్ మీద కిలోమీటర్లు, చాసిస్ నంబరు, ముక్క ఉన్న చోటు, అన్నీ ఫొటోల్లో ఉండాలి. పొడి గుడ్డలో చుట్టి, కవర్లో వేసి, తేదీ రాసి బీరువాలో పెట్టు. "పాత పార్టు మాకిచ్చేయాలి సార్" అంటే, "పరీక్షకి కావాలంటే రాసి అడగండి, తీసుకున్నట్టు రసీదు ఇవ్వండి" అను. గొడవ పడక్కర్లేదు. నెమ్మదిగా చెప్పు, కానీ చెప్పు.

ఇప్పుడు వారంటీ సంగతి. వారంటీ తేదీ మందుసీసా మీది గడువు కాదు నాన్నా. ఆ రోజు దాకా చెడితే ఊరికే బాగు చేస్తామని కంపెనీ ఇచ్చిన మాట, అంతే. ఆ తేదీ దాటగానే మొదట్నుంచీ ఉన్న తయారీ లోపం మాయమైపోదు. కొన్ని లోపాలు పాతబడ్డాకే బయటపడతాయి. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగులే చూడు. వాటి ఇన్‌ఫ్లేటర్లలో అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడీ తేమా తగిలి ఆ రసాయనం పాడైంది. కారు గుద్దుకున్నప్పుడు కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగే పేలి, లోహపు ముక్కలు మనుషులకి గుచ్చుకున్నాయి. ప్రాణాలు పోయాయి. దేశదేశాల్లో కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చారు, మన దేశంలో కూడా మార్చారు. వాటిలో ఎన్నో కార్లకి వారంటీ ఎప్పుడో పోయింది. టకాటా 2017లో దివాలా తీసింది.

కాబట్టి నీ బండికి కూడా ఇలా వెనక్కి పిలిచే రీకాల్ ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో చాసిస్ నంబరు కొట్టి చూడు. రీకాల్ ఉంటే వారంటీ ఉన్నా లేకపోయినా ఉచితంగానే మార్చాలి. లేకపోతే? అక్కడితో వదిలేయకు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు రీకాల్ కోసం 110ఏ సెక్షన్ చేర్చారు. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. 7 ఏళ్ల లోపు బండిలో భద్రతకి సంబంధించిన ఒకే లోపం మీద తగినంత మంది యజమానులు ఫిర్యాదు చేస్తే, కంపెనీ చేత బండ్లని వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికుంది. అంటే నువ్వు రాసే ఫిర్యాదు నీ ఒక్కడిదే కాదు. అదే బండి మీద పిల్లల్ని స్కూలుకి దింపే ఎవరో తల్లిది కూడా.

ఇక కంపెనీకి ఉత్తరం. కౌంటర్ అబ్బాయి మీద అరవకు, నిర్ణయం అతని చేతిలో లేదు. వీడియో తీసి తిట్లు పెట్టకు. ముందు జాబ్ కార్డు రాయించు. "జనరల్ చెకప్" అని కాదు, "ముందు ఫోర్కు పగిలింది" అని నీ మాటల్లో రాయించి కాపీ తెచ్చుకో. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్, హెడ్డాఫీసుకి స్పీడ్ పోస్టు. కొన్న తేదీ, కిలోమీటర్లు, సర్వీసు వివరాలు, ఏమి జరిగింది, నీకేం కావాలి, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి, ఇవన్నీ ఒక్క పేజీలో సరిపోతాయి. నిజమే రాయి. ఇదివరకు ఒకసారి పడ్డావా, అదీ రాయి. దాచింది తర్వాత బయటపడితే నీ మిగతా నిజాలన్నీ నీరుగారిపోతాయి. వారంటీ దాటి కొద్ది రోజులే అయితే, సర్వీసులు వేళకి చేయించి ఉంటే, గుడ్‌విల్ కింద మొత్తమో సగమో భరించే కంపెనీలు ఉన్నాయి. మర్యాదగా, వదలకుండా అడిగేవాళ్లకే అది దొరుకుతుంది. వాళ్లిచ్చే కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టకు. ఇక ముందు ఏమీ అడగనని అందులో ఉందేమో చూసుకో.

అప్పటికీ జవాబు రాకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం నువ్వుండే జిల్లాలోనే వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ లేకుండా నువ్వే వాదించుకోవచ్చు. లోపం తేల్చడానికి కమిషన్ ఆ ముక్కని ల్యాబుకి పంపించగలదు. చూశావా, ముక్క ఎందుకు దాచమన్నానో? కానీ 2 ఏళ్ల లోపు వేయాలి, తయారీ లోపమని నువ్వే చూపించాలి. గుంతలో పడేశావనీ, ముగ్గురిని ఎక్కించావనీ, డూప్లికేట్ పార్టులు వేశావనీ అవతలివాళ్లు అంటారు. సర్వీసు బిల్లులు వరసగా ఫైల్లో ఉన్నవాడే అప్పుడు తలెత్తుకుని మాట్లాడగలడు.

అందుకే బండికి ఇంకా వారంటీ ఉన్న పిల్లలకీ చెబుతున్నాను. గడువు నెల ఉందనగానే ఒకసారి బండి మొత్తం చూపించండి. ఫోర్కు నుంచి ఆయిల్ కారుతోందా, హ్యాండిల్‌లో లూజు ఉందా, బ్రేకు గొట్టం పగిలిందా, ప్రతిదీ జాబ్ కార్డు మీద ఎక్కించండి. "పోయినేడే నోటితో చెప్పాను సార్" అంటే ఎవరూ వినరు. వారంటీలో ఉండగా రాయించిన ఒక్క లైను, వారంటీ పోయాక మీకు పెద్ద అండ.

చివరగా ఒక్క మాట. విసిగిపోయి, ఆ బండికి పైపైన రంగు వేయించి, ఏమీ చెప్పకుండా ఎవరికో అమ్మేయాలనిపిస్తుంది. వద్దు నాన్నా. నువ్వు దిగిన ప్రమాదం మీదకి ఇంకొకరి బిడ్డని ఎక్కించకు. అమ్మాలంటే బాగు చేయించి, బిల్లు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ము.

డబ్బు కోసం పోరాడు, తప్పులేదు. నెలలు పట్టినా పోరాడు. కానీ ఆ పోరాటానికి నువ్వు క్షేమంగా ఉండాలి కదా. అందుకే ముందు బండి ఆపు. ఈ రోజే ఆపు.