విద్యార్థియు స్వధర్మమును

పరీక్షాఫలితములు వెలువడిన వారమున మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న యొకటే: “అబ్బాయికి ర్యాంకెంత?” వాని కేది యిష్టమని గాని, వాడు దేనికి తగినవాడని గాని యడుగువారు మిక్కిలి యరుదు. ర్యాంకునుబట్టి కళాశాలయు, కళాశాలనుబట్టి శాఖయు, శాఖనుబట్టి జీవితమును నిర్ణయమగుచున్నవి. ఇదంతయు జరుగుచుండగా బిడ్డ గదిమూలను గూర్చుండి పెద్దల ముఖములు చూచుచుండును. 1989వ సంవత్సరము మార్చి మాసమునుండి మన దేశమున పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారికిని ఓటుహక్కు కలదు. దేశము నేలువారి నెన్నుకొనుటకు తగినవాడని రాజ్యాంగము నమ్మిన యువకుని, తాను చదువవలసిన శాస్త్రము నెన్నుకొనుటకు తగినవాడని కన్నతండ్రి నమ్మకుండుట మాకు వింతగా దోచుచున్నది.

పూర్వము స్వధర్మమనగా కులమునుబట్టి వచ్చిన వృత్తియని చెప్పుచుండిరి. కుమ్మరి కొడుకు సారె త్రిప్పవలెను; పురోహితుని కొడుకు పంచాంగము పట్టవలెను. సంస్కర్తలు దీనిని ఖండించిరి. ఆ ఖండనమును మనమందరము నిప్పు డొప్పుకొందుము. సభలలో చప్పట్లును గొట్టుదుము. కాని యింటికి వచ్చి మనము చేయుచున్న పని యేమి? చదువుకొన్న కుటుంబములలో నొక క్రొత్త కులవృత్తిని ప్రతిష్ఠించితిమి. ఇంజనీరో, డాక్టరో కానివాడు చుట్టముల పెండ్లిండ్లలో వెలివేయబడిన వానివలె తలవంచుకొని తిరుగుచున్నాడు. వంట పందిరి క్రింద వానిని గూర్చి మాటలాడుకొను పిన్నమ్మల గుసగుసలు మేమును వినియుంటిమి.

అట్లని తల్లిదండ్రులను తూలనాడుట మా యుద్దేశము కాదు. అర యెకరము తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రి భయము దురాశ కాదు. పట్టము చేతబట్టుకొని పనికై తిరుగువారిని అతడు తన వీధిలోనే చూచుచున్నాడు. అప్పు తీరవలెను, తరువాతి బిడ్డ చదువవలెను. అట్టివానితో “నీ కుమారుని యంతరాత్మ యేమి చెప్పుచున్నదో వినుము” అని యుపన్యసించుట క్రూరమే యగును. అయినను, ఆ భయమును ముడివిప్పకయే బిడ్డ నెత్తికెత్తుటవలన కలుగు ఫలమును మనము చూడలేదా? 2019వ సంవత్సరము ఏప్రిలు మాసమున తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ యిండ్లలో గూడ బిడ్డల బాగు కోరినవారే యుండిరి.

ఇక స్వధర్మ మెట్లు తెలియును? గదిలో గూర్చుండి “నేనెవ్వడను, నాకేమి కావలెను” అని తన్ను తాను ప్రశ్నించుకొన్నచో తెలియునని కొందరందురు. మాకు నమ్మకము లేదు. పదునెనిమిదేండ్లవాడు తన లోపల వెదకినచో దొరకునది చాలవరకు చుట్టుప్రక్కలవారు దాచిపెట్టినదే.

గిడుగు రామమూర్తిగారి చరిత్రమును చూడుడు. ఆయన 1863లో జన్మించెను. 1880లో, కళాశాల ముఖమైన జూడక, బ్రతుకుతెరువునకై పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడై చేరెను. ఉద్యోగము చేయుచునే పట్టపరీక్షకు చదివెను. ఆ యూరి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, బడి లేదు, వారి మాటను మాటగా గణించినవారే లేరనవచ్చును. రామమూర్తిగారు సవరభాష తెలిసినవాని నొకని చేరదీసి, వానియొద్ద ఆ భాష నభ్యసించెను. తరువాత సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకై బడులు పెట్టెను, పుస్తకములు వ్రాసెను. ఆయన సవర వ్యాకరణము 1931లో వెలువడినది, అనగా కొలువున చేరిన యేబదియొక్క యేండ్లకు! నిఘంటువు 1938లో వచ్చినది. మరి రెండేండ్లకు ఆయన కీర్తిశేషు డయ్యెను.

ఇందు మేము గమనింపవలసిన దని తలచునది యీ పట్టుదల మాత్రమే కాదు. ఆ పని యాయన లోపలినుండి పుట్టలేదు. ఎదుట నిలిచిన మనుష్యునినుండి పుట్టినది. జీతము బడిపంతులుపనికి వచ్చినది. జీవితము సవరలకు పోయినది. జీవనమును జీవితకార్యమును ఒకటే కావలెనను నియమము లేదని తెలిసినచో, తాకట్టు పెట్టిన తండ్రికిని కొంత యూరట కలుగును గదా. లిపిలేని వారి పలుకునందు వ్యాకరణమును గుర్తించిన చెవి, తెలుగువారి వాడుకమాటను నీచమని త్రోసివేయజాలదు. వ్యావహారికభాషోద్యమమునకు మూల మిచ్చటనే యున్నదని మా యభిప్రాయము. (ఆ మహనీయుని ఈ గ్రాంథికమున స్తుతించుట చూచిన నాయన నవ్వి యుండును. అభ్యాసము విడువదు.) ఆయన నాయకత్వమును కోరి పర్లాకిమిడికి పోలేదు. పని ముందు నడచినది. నాయకత్వము దాని వెంట వచ్చినది.

అందరికిని అట్టి కొండయు అట్టి సంతయు ఎదురగుట సంభవింపకపోవచ్చును. అప్పుడు గురువు కావలెను. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కాకినాడ పిఠాపురము రాజా కళాశాలకు 1919 వరకు అధ్యక్షులై యుండిరి. ఆ కళాశాలలో బాలికలకు ప్రవేశము కల్పించిరి. అనాథలను, అస్పృశ్యులనబడిన బిడ్డలను చేరదీసిరి. విద్యార్థులు ఆయన యుపన్యాసములు విన్నదానికంటె ఈ పనులను చూచినదే యెక్కువగా వారిని మార్చియుండును. ఆ శిష్యులలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారొకరు, గుడిపాటి వేంకటచలముగారొకరు. నాయుడుగారు శీలపవిత్రతకై భోగముమేళములపై యుద్ధము ప్రకటించినవారు. చలముగారి “మైదానము” పవిత్రతావాదుల గుండెలలో రాయి వేసినది. ఆ గురువునకు ఆ శిష్యుడా యని నవ్వువారు కలరు. మేము నవ్వము. లోకము మాటకు జంకక తనకు సత్యమని తోచినది చేయుటను గురువు నేర్పెను. శిష్యుడు నేర్చుకొనెను, గురువునకు నచ్చని దారిలోనైనను. తన పోలికనే పోత పోయదలచిన యుపాధ్యాయునికి అనుచరులు దొరకుదురు, నాయకులు దొరకరు.

నేటి కళాశాలలలో నాయకత్వమునకు తరగతులు పెట్టుచున్నారు. ధైర్యముగా మాటలాడుట, కరచాలనము చేయుట, మెడపట్టీ కట్టుకొనుట నేర్పుచున్నారు. నేర్పనిండు, నష్టము లేదు. 1969లో స్థాపింపబడిన జాతీయ సేవాపథకము దీనికంటె మేలైన తలంపు. అందు చేరిన విద్యార్థి యేడాదికి నూటయిరువది గంటలు సేవ చేయవలెను, గ్రామములో శిబిరముండవలెను. కొన్నిచోట్ల ఆ గంటలు కాగితముమీదనే నిండుచున్నవని వినుచున్నాము. నిజముగా నిండినచోట మాత్రము, ఒక ముసలమ్మకు పింఛను దరఖాస్తు వ్రాసిపెట్టి, అది యేల నిలిచిపోయెనో కార్యాలయములో నాలుగుమారులు అడిగివచ్చిన పిల్ల ఇంటికి వచ్చి “అమ్మా, నేను న్యాయశాస్త్రము చదివెదను” అనవచ్చును. ఆ సాయంకాలము తల్లి యేమి ప్రత్యుత్తర మిచ్చునో దానిమీద చాల యాధారపడియున్నది. “ముందు పట్టము కానిమ్ము” అనుట సులువు. “ఏమి జరిగినది? చెప్పుము” అని చాప పరచి కూర్చుండుటకు ఒక గంట పట్టును.

ప్రతి సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, రామమూర్తిగారి జన్మదినమున, తెలుగు భాషాదినోత్సవము జరుపుచున్నాము. కళాశాలలలో పటమునకు దండ వేయుదురు, పద్యములు చదువుదురు. గత సంవత్సరము మే మట్టి సభ యొకదానికి పోయియుంటిమి. వక్తలు నలువురు మాటలాడిరి. సవరల పేరు ఒక్కరును ఎత్తలేదు.